నయమైనవాడి పొట్ట మీద గాయం

సికింద్రాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా ఆసుపత్రి ఆయాలు మొదలుకొని ఇంటిపక్క కరణంగారి భార్య దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. చార్మినారు చూశావా, లక్కగాజులు తెచ్చావా అని. చూడలేదు, తేలేదు. పన్నెండు రోజులుండి నేను చూసిందల్లా మూడంగుళాల గాయం ఒకటి, బల్లంత రిజిస్టరు ఒకటి. ఆ గాయానికీ ఆ రిజిస్టరుకీ పొత్తు కుదర్చడంలోనే నా సెలవంతా హరించుకుపోయింది. అడిగిన ప్రతివాళ్ళకీ మొదట్నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకని ఒకేసారి రాసి పడేస్తున్నాను. ఊరి పేరు చెబుతాను గాని ఆసుపత్రి పేరు మాత్రం అడగొద్దు.

బెజవాడ దగ్గర ఒక ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ళుగా నేను నర్సుని. పొట్ట కోసినవాళ్ళ కట్లు విప్పడం, కడగడం, మళ్ళీ కట్టడం నా పని. మా చెల్లెలు సుభద్రని నిజాం రాజ్యంలో మధిర వైపు అబ్బాయి యాదగిరికి ఇచ్చాం. అతను దర్జీ. పెళ్ళయిన ఏడాదికే సికింద్రాబాదు కంటోన్మెంటు పక్కన నేరేడ్‌మెట్‌లో కుట్టుమిషను పెట్టుకున్నాడు. పోలీసు చర్య జరిగి నాలుగు నెలలైందో లేదో, చెల్లెలి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "ఆయనకు ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి వస్తే ఆపరేషన్ చేశారు. నయమైందని ఆరో రోజున ఇంటికి పంపారు. మూడు రోజులకి కుట్లు వేసినచోట గాయం విచ్చుకుంది. మళ్ళీ తీసుకుపోతే కత్తిపోటు అని రాసుకుని మంచం పక్కన పోలీసును కూర్చోబెట్టారు. మంచం దిగగానే జైలుకంట. నువ్వు రా అక్కా."

మూడుసార్లు చదివాను. కత్తిపోటేమిటి, నా తలకాయ! ఆపరేషన్ గాయం విచ్చుకోవడం మేం వారానికొకటి చూస్తాం. దానికి పోలీసెందుకు? ఆ నెలల్లో ఆ రాజ్యంలో జైలుకెళ్ళినవాడు ఎప్పుడొస్తాడో, అసలొస్తాడో రాడో ఎవరూ చెప్పలేకపోతున్నారు. డబ్బాలో చిమటాలూ కత్తెరలూ గాజుగుడ్డా స్పిరిట్ సీసా పెట్టుకుని ఆ రోజే బయల్దేరాను.

మధిరలో స్పిరిట్ సీసా

మధిరలో రైలాగగానే కరోడ్‌గిరీ వాళ్ళెక్కారు. అంటే సుంకం వాళ్ళు. రాజ్యం పోయింది గాని సుంకం పోలేదు. నా డబ్బా మూత తీసి, స్పిరిట్ సీసా బిరడా లాగి వాసన చూశాడు ఒక మీసాలాయన.

"ఏందమ్మా ఇది, సారానా?"

"పుళ్ళు కడుక్కునేది."

"తాగొస్తదా?"

"తాగితే కళ్ళు పోతాయి. మీ ఇష్టం."

కళ్ళు పోతాయన్న మాట ఆయనకు నచ్చలేదు. సీసా ఒక పక్కన పెట్టి, కత్తెరలు లెక్కపెట్టి, చిమటాలని కూడా కత్తెరలుగా లెక్కేసి, మొత్తం నాలుగు ఆయుధాలని తేల్చాడు. ఇన్నెందుకని అడిగాడు. పొట్టలకని చెప్పాను. రైలుపెట్టెలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు, ఆయన తప్ప. చివరికి రెండణాల సుంకం కట్టమన్నాడు, అదీ హాలీలో కట్టమన్నాడు. హాలీ అంటే వాళ్ళ రాజ్యపు నాణెం. మన రూపాయిని కల్దారంటారు. కల్దారుకి హాలీ కంటే విలువెక్కువ, అయినా ఆ మహానుభావుడు ముట్టుకోనన్నాడు. ఎదురుగా కూర్చున్న మిరపకాయల వ్యాపారి తన హాలీ అణాలు రెండిచ్చి నా గొడవ తీర్చి, "కూసో తల్లీ, జెర సబర్ పట్టు. ఈడ సబర్ లేకుంటే నడవది" అన్నాడు. సబరంటే ఓర్పట. జొన్నరొట్టెలో ఎర్రకారం ముద్ద పెట్టిచ్చాడు కూడా. మనకి అన్నం లేందే భోజనం కాదు గదా, ఆ రొట్టె తింటే పొద్దుగూకే దాకా ఆకలన్న మాటే లేదు. ఆ ప్రయాణంలో నాకు జరిగిన మంచి అదొక్కటే.

టాంగాలో వెనక్కి తిరిగి

సికింద్రాబాదు స్టేషను బయట మన జట్కాల్లాంటివే ఉంటాయి. టాంగాలంటారు. తేడా ఏమిటంటే మనం బండి వెనక వైపు తిరిగి కూర్చోవాలి. ఎక్కడికి పోతున్నామో కనపడదు, ఎక్కణ్ణుంచి వచ్చామో కనపడుతుంది. ఆ ఊళ్ళో కచేరీ పనులూ ఇలాగే సాగుతాయని అప్పటికి నాకు తెలీదు. టాంగా ఆయన కంటోన్మెంటు సిపాయిల బారకుల పక్కనుంచి పోతూ ఇది ఫలానా పల్టను, ఇది ఫలానా మైదాను అని చూపిస్తూనే ఉన్నాడు. ఆయన ముందుకి చూపిస్తాడు, నేను వెనక్కి చూస్తాను. నేరేడ్‌మెట్ చేరేసరికి మెడ పట్టేసింది.

సుభద్ర నన్ను చూసి ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. కుట్టుమిషను మీద సగం కుట్టిన ప్యాంటు అలాగే ఉంది. పదేళ్ళలో మా చెల్లెలి మాట మారిపోయింది.

"ఉత్త గాయమైతే ఇంత పరేషాన్ గాకపోదునక్కా. ఈయన పోయినేడు ఖాకీలు కుట్టిండు" అంది గొంతు తగ్గించి.

పోలీసు చర్యకు ముందు నిజాం తరఫున ఖాకీ తొడుక్కుని ఊళ్ళమీద పడ్డ దళాలు గుర్తున్నాయి గదా. వాళ్ళ బట్టలు. కుట్టనంటే మిషను విరగ్గొడతామన్నారట. యాదగిరి కుట్టాడు, ఆ బజారులో దర్జీలందరూ కుట్టారు. ఇప్పుడు ఖాకీలు కుట్టిన దర్జీ పొట్ట మీద కత్తిగాటు ఉందంటే ఠాణాలో ఏమనుకుంటారు? ఎక్కడో దొమ్మీలో పొడిపించుకొచ్చాడనే అనుకుంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మంచం, కానిస్టేబులు, పొట్ట

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. యాదగిరి మంచం పక్కన ముక్కాలి పీట మీద కానిస్టేబులు. పేరు కోటయ్య, ఒంగోలు వైపువాడు, మన పోలీసుల్ని అక్కడికి పంపినప్పుడు వచ్చాడు. నా మాట వినగానే లేచి నిలబడి, "అక్కయ్యా, మన వైపేనా! గోంగూర పచ్చడేమన్నా తెచ్చారా?" అన్నాడు. తేలేదన్నాను. మొహం చిన్నబుచ్చుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఇతన్ని వదిలెయ్యి నాయనా అంటే, "కాగితం మీద కత్తిపోటని ఉందక్కయ్యా. కాగితం మారితే నేను ఈ క్షణం లేచిపోతాను" అన్నాడు. తప్పు పట్టడానికి వీల్లేని మనిషి. తప్పు పట్టడానికి వీల్లేనివాళ్ళంటేనే నాకు ఒళ్ళు మంట.

కట్టు విప్పాను. చదివేవాళ్ళు అసహ్యించుకోకుండా ఇది వినాలి, ఎందుకంటే కథంతా ఇక్కడే ఉంది. విచ్చుకున్న ఆపరేషన్ గాయాలు మూడు రకాలు. మొదటిది పైచర్మం మాత్రమే తెరుచుకోవడం. కడిగి కడితే మానిపోతుంది. రెండోది చర్మం కింద కండ కూడా విడిపోయి, లోపల పేగుల్ని కప్పి ఉంచే పొర మాత్రం నిలబడటం. కట్టు గులాబీరంగు నీళ్ళతో తడుస్తుంది, మనిషిని కదలనివ్వకూడదు. మూడోది ఆ పొర కూడా చిరిగి పేగు బయటికి రావడం. అది వస్తే ఉప్పునీటి గుడ్డ కప్పి, డాక్టరు కోసం పరుగెత్తడమే. యాదగిరిది రెండో రకం. కత్తిపోటు కాదనడానికి చదువు కూడా అక్కర్లేదు. గాయానికి అటూ ఇటూ, ఎదురుబొదురుగా, సమాన దూరంలో సూది చిల్లులు. అటు ఏడు, ఇటు ఏడు. ఏడు కుట్లు వేసిన చోటది. కుట్లేసి మరీ పొడిచే రౌడీ ఏ రాజ్యంలో ఉన్నాడు?

యాదగిరి నా మొహం చూస్తూ, "నేను కుట్టిన పంట్లాం విప్పాలంటే బ్లేడు గావాలె వదినె. ఈళ్ళు కుట్టింది దగ్గితే ఊడింది" అన్నాడు. నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు. నవ్వొద్దని కసిరాను.

బీడా ఇచ్చి లేదనడం

రిజిస్టరు రాసే గుమాస్తా పేరు కిషన్‌లాల్. నల్ల షేర్వానీ, చెవిలో అత్తరు దూది. మన ఊళ్ళో గుమాస్తా అయితే తలెత్తకుండానే కుదరదు పొమ్మంటాడు, అక్కడితో వ్యవహారం తెగుతుంది. ఇక్కడ అలా కాదు. కుర్చీ వేయించాడు, బీడా ఇచ్చాడు, టీ తెప్పించాడు, మా ఊళ్ళో వానలెలా ఉన్నాయని అడిగాడు. కప్పు ఖాళీ అయ్యాక, "చెప్పుండ్రి నర్సమ్మా, ఏం ఖిద్మత్ చెయ్యాలె?" అన్నాడు.

"మా మరిదిది కత్తిపోటు కాదు. ఆపరేషన్ గాయమే విచ్చుకుంది. మార్చి రాయండి."

రిజిస్టరు కుడివైపు నుంచి తెరిచి ఉర్దూ గీతల మీద వేలు నడిపించాడు. "యాదగిరి, దర్జీ. ఈడ చూడుండ్రి, షిఫా అని ఉన్నది. అంటే నయమైంది. నయమై ఇంటికి పోయిండు. నయమైనోని ఒంటి మీద గాయముంటదా? ఉండది. మల్ల మూడొద్దులకు గాయంతోని వచ్చిండు. అంటే అది కొత్త గాయమే గద. తాజా జఖ్మ్. తాజా జఖ్మ్ వస్తే అదే దినం ఠాణాకు చీటీ పోవాలె. కొత్త సర్కార్ హుకుం."

"నయం కాలేదు గనకే విచ్చుకుందండీ!"

"నయం గాకపోతే షిఫా అని ఎట్ల రాస్తరమ్మా?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది. "మీరా గాయం చూశారా?" అన్నాను.

"తోబా! నేను గుమాస్తాను. నెత్తురు చూస్తే నాకు కళ్ళు తిరుగుతయి."

రెండే గడులున్నాయట ఆ పుస్తకంలో. ఆపరేషన్ కేసు ఒకటి, జఖ్మ్ కేసు ఒకటి. ఊడిన కుట్లకి గడి లేదు. షిఫాని కొట్టేయమంటే, నెలాఖరున నయమైనవాళ్ళ జాబితా పైకి పోయిందనీ, పైకిపోయిన షిఫా కిందికి రాదనీ చెప్పాడు. చెబుతూ మరో బీడా అందించాడు. నాలుగు రోజులు వరసగా తిరిగాను. నాలుగు రోజులూ బీడాలే. నా పళ్ళు ఎర్రబడ్డాయి గాని రిజిస్టరులో ఒక్క అక్షరం కదల్లేదు.

మూడో రోజున సుభద్రా నేనూ నీరసపడి ఒక ఇరానీ హోటల్లో ఆడవాళ్ళకని పరదా కట్టిన గదిలో కూర్చున్నాం. చిక్కటి పాల టీ, సాసర్లో పోసుకుని తాగుతారక్కడ. దాని రుచి గురించి పేజీ రాయొచ్చు, కాని నేను తాగుతున్నంతసేపూ మా చెల్లెలు సాసరు ముట్టుకోలేదు. "ఆయన జైలుకు పోతే నేను మిషను తొక్కుత. గా పని నాకు రాదన్న బాధ లేదు. గా గాయానికి జైల్ల ఎవలు కట్టు కడ్తరక్కా?" అంది. జైల్లో ఆ రెండో రకం మూడో రకమవడానికి గట్టిగా ఒక దగ్గు చాలు.

కొత్త డాక్టరు

కోసిన పెద్ద డాక్టరు సెలవు పెట్టి వెళ్ళిపోయాడు. కరాచీ అని కొందరు, కాదు బొంబాయి అని కొందరు. ఆయన స్థానంలో మద్రాసు వైపు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు, ఉర్దూ ముక్క రాదు. యాదగిరి పొట్ట చూసి, చిల్లులు చూసి, "మీరన్నది నిజమే సిస్టర్, ఇది విచ్చుకున్న కోతే" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే, "కాని కోసింది నేను కాదు. ఎన్ని కుట్లు వేశారో, ఏ రోజు తీశారో రాసిన కాగితం లేదు. పోలీసు వ్యవహారం. ఊరికే సంతకం చేస్తే రేపు నన్నడుగుతారు. కుట్లు తీసిన మనిషిని తీసుకురండి" అన్నాడు.

తీసిన మనిషి కట్లు కట్టే డ్రెస్సరు గఫూర్ సాబు. కానిస్టేబులు వచ్చి కూర్చున్న రోజు నుంచి డ్యూటీకి రావడంలేదు. ఇల్లు కాప్రాలో.

"గిదే, గీడనే" కాప్రా

కాప్రా ఎంత దూరమని నేరేడ్‌మెట్‌లో అడిగితే "గీడనే" అన్నారు. మైలు నడిచాక అడిగాం. "గిదే, అచ్చింది" అన్నాడు గొర్రెలాయన. ఇంకో మైలు నడిచాక ఒక ముసలమ్మ, "గా చెట్లు దాటితే గిదే" అంది. మన వైపువాళ్ళు పక్క వీధిని కూడా కోసెడు దూరమని భయపెడతారు. అక్కడివాళ్ళు కోసెడు దూరాన్ని ముక్కుముందుకు తెచ్చి చూపిస్తారు. ఏది మంచి అలవాటో గాని, నా చెప్పు తెగింది. మిగిలిన దూరం రాళ్ళ మీద ఒంటికాలి చెప్పుతో నడిచి, చెరువు కనపడేసరికి ఆ రెండోదీ విసిరేశాను.

గఫూర్ సాబుకు యాభై దాటుంటాయి. మమ్మల్ని చూడగానే ఎందుకొచ్చామో అర్థమైంది. ఆయన భార్య చాంద్‌బీ మాట్లాడనివ్వకుండా ముందు రొట్టె, గోంగూర వేసిన పప్పు పెట్టింది. తిన్నాక నేను మొదలుపెట్టాను. నా నోరు మీకు తెలుసు. పారిపోయి కూర్చుంటావా, నువ్వు తీసిన కుట్లకి ఒకడు జైలుకి పోతుంటే గోంగూర తింటున్నావా, నువ్వూ ఒక డ్రెస్సరువేనా అన్నాను. ఆయన అంతా విన్నాడు.

"ఐదో దినమే తీసిన" అన్నాడు. "ఏడు దినాలు ఉండాలె. నాకు తెల్వదా నర్సమ్మా? ముప్పయ్యేండ్ల సంది చేస్తున్న. మంచాలు ఖాళీ చెయ్యాలె, కుట్లు తీసి పంపు అని పెద్ద సాబు నోటితోని చెప్పిండు. కాయితం మీద చెప్పలే. ఆయన పోయిండు. ఇగ మిగిలింది ఎవరు?"

"అయితే వచ్చి ఆ మాటే చెప్పు."

"చెప్తే రిజిస్టరుల రాస్తరు. ఎవరు తీసిండ్రు అంటే, గఫూర్. ఎప్పుడు అంటే, ఐదో దినం. మా ముసల్మాన్ల నౌకరీలు ఒక్కొక్కటే ఊడుతనే ఉన్నయి. దొరుకుతడా అని చూస్తున్నోళ్ళకు నేనే పోయి దొరికినట్టయితది."

చాంద్‌బీ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. నాకు కోపం సగం దిగిపోయింది, సగం దిగలేదు. దిగని సగంతోనే, "మరి మా మరిది?" అన్నాను.

ఆయన తిరిగి నన్నే అడిగాడు. "మీ దిక్కు గాయం ఊడితే ఏం రాస్తరు?"

అబద్ధం చెప్పాలనే అనిపించింది. "కొంచెం చీము పట్టింది అని రాస్తాం" అన్నాను. "ఇంటికి పోయాక ఊడితే అసలు రాయం." పద్దెనిమిదేళ్ళలో 'విచ్చుకుంది' అన్న మాట నేను ఎన్నిసార్లు రాశానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అవీ చచ్చిపోయినవాళ్ళవి. ఎందుకంటే విచ్చుకుందని రాస్తే ఎందుకు విచ్చుకుందని అడుగుతారు. అంత చేటు కోపంతో అంత దూరం నడిచొచ్చి, నేను కూడా ఆ గుమాస్తా అక్కగారినేనని ఒక పరాయి ఇంట్లో ఒప్పుకోవాల్సివచ్చింది. సిగ్గేసింది. రేపు రమ్మని అడక్కుండానే లేచొచ్చాను. తిరిగి నడుస్తుంటే సుభద్ర దారంతా ఏడ్చింది.

ఏడు, ఏడు

మర్నాడు మేం వెళ్ళేసరికి గఫూర్ సాబు వార్డులో ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లకోటు, చంకలో అట్టపుస్తకం. ఆయన సొంతానికి రాసుకునే పుస్తకమది, తెలుగులో. కొత్త డాక్టరు ముందు తెరిచి పెట్టాడు. యాదగిరి, దర్జీ, ఏడు కుట్లు, పట్టు దారం, ఐదో దినం తీసిన. డాక్టరు వంగి చిల్లులు లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అటు ఏడు, ఇటు ఏడు.

కిషన్‌లాల్‌ని పిలిపించారు. ఆయన గాయం వైపు వీపు పెట్టి నిలబడి రిజిస్టరు తెరిచాడు. డాక్టరు చెప్పినట్టే తాజా జఖ్మ్ కొట్టేశాడు. గడి లేకపోతే గీసుకోమన్నాడు డాక్టరు. ఆ పని నాలుగు రోజుల క్రితమే ఎవరైనా చేసి ఉండొచ్చు! రూళ్ళకర్ర పెట్టి గీశాడు, బాగానే వచ్చింది. 'ఆపరేషన్ గాయం విచ్చుకున్నది, రెండో తరహా' అని రాశాడు. తర్వాత కలం ఆపి, "సబబ్? ఎందుకు విచ్చుకున్నదని రాయాలె?" అన్నాడు.

డాక్టరు మంచివాడు. గఫూర్ సాబు మొహం చూసి, "దగ్గు అని రాయండి. దగ్గినప్పుడే కదా ఊడింది" అన్నాడు. నేనూ తలూపాను. నిజం చెబుతున్నాను, నా మరిది బయటపడితే చాలనుకున్నాను. దగ్గుదేముంది, పాపం, దానికి పెళ్ళాం బిడ్డలున్నారా?

"దగ్గు గాదు" అన్నాడు గఫూర్ సాబు. "కుట్లు ఐదో దినం తీసిండ్రు అని రాయుండ్రి. తీసింది గఫూర్."

"ఎందుకు సాబ్?" అన్నాడు కిషన్‌లాల్. మొదటిసారి ఆ మనిషి గొంతులో మర్యాద కాకుండా వేరేదేదో వినపడింది.

గఫూర్ సాబు తన పుస్తకంలో పేజీ తిప్పాడు. "ఆ దినం ముగ్గురికి తీసిన. ముగ్గురికి షిఫా రాసి పంపిండ్రు. ఒక్కలు దొరికిండ్రు. దగ్గు అని రాస్తే ఈయన ఒక్కడే దగ్గినట్టయితది. మిగిలిన ఇద్దరిని ఎవరు చూస్తరు?"

కిషన్‌లాల్ ఆయన చెప్పినట్టే రాశాడు. కోటయ్య పీట మీంచి లేచి టోపీ పెట్టుకున్నాడు. యాదగిరి మంచం పక్కన ఆ పీట ఖాళీగా ఉండటం చూసి సుభద్ర నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నేను నా చెల్లెల్ని పట్టుకుంటుంటే, అవతల గఫూర్ సాబు కోటయ్యని అడగటం వినపడింది.

"మీ ఠాణాల ఇంకెవరన్న ఉన్నరా, కుడి దిక్కు పొట్ట మీద గాయం ఉన్నోడు?"

కోటయ్య ఆలోచించాడు. "ఒకడున్నాడండీ. యాప్రాల్ మనిషి. కత్తిపోటనే తెచ్చారు. గులాబీ రంగు నీళ్ళు కారుతున్నాయి. వాసన."

నేను చెప్పుల్లేని కాళ్ళతోనే ఠాణాకు పరుగెత్తాను. డబ్బా నా చేతిలో ఉంది, గఫూర్ సాబు నా ముందున్నాడు, డాక్టరు మా వెనకొచ్చాడు. ఆ యాప్రాల్ మనిషి పేరు పెంటయ్య. తొమ్మిది రోజులుగా తన చొక్కానే కట్టుగా కట్టుకుని లాకప్పులో పడున్నాడు. గంట కూడా ఆలస్యం చేయకుండా డాక్టరు ఆసుపత్రికి తెప్పించి మళ్ళీ కుట్టాడు. అతని గురించి ఇంతకంటే రాయను. బతికాడు.

వచ్చేశాక

యాదగిరి ఇప్పుడు మిషను తొక్కుతున్నాడని చెల్లెలు రాసింది. గఫూర్ సాబును విచారణ అయ్యేదాకా డ్యూటీకి రావొద్దన్నారట. విచారణ ఎప్పుడని అడిగితే కిషన్‌లాల్ బీడా ఇచ్చాడట. ఆయన పొద్దున లేచి అట్టపుస్తకం చంకలో పెట్టుకుని ఊళ్ళమ్మట తిరుగుతున్నాడని, సాయంత్రానికి ఒట్టి చేతులతో వస్తున్నాడని రాసింది.

ఎందుకంటే మూడోవాడు దొరకలేదు. ఆసుపత్రికి తిరిగిరాలేదు, ఏ ఠాణాలోనూ లేడు. రిజిస్టరులో పేరు పక్కన షిఫా అని ఉంది, ఊరి గడి ఖాళీ. రాళ్ళు కొట్టే కూలి, పని ఎక్కడుంటే అక్కడికి పోయేవాడట. మన వైపు రోడ్డు పనులకీ రావచ్చు. అతని పేరు మైసయ్య. ముప్పయ్యేళ్ళుంటాయి. కుడివైపు పొట్ట మీద అటు ఆరు, ఇటు ఆరు చిల్లులుంటాయి. నయమైందని చెబుతాడు, నమ్మొద్దు. పడుకోబెట్టి మంచి మాటలు చెప్పి, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి తీసుకెళ్ళండి. వాళ్ళేం రాస్తున్నారో పక్కనే నిలబడి చూడండి.